నూట నాలుగు కిలోమీటర్లు

పొద్దున ఆరున్నరకు చంద్రశేఖరరావు కళ్ళజోడు తగిలించుకుని కారులో కూర్చున్నాడు. ఎక్కడికో పోవడానికి కాదు, అంకె చదువుకోవడానికి. స్టీరింగు పక్కన గోడ టీవీ అంత తెర ఉంది. దాని మూలన నలభై నాలుగు వేల ఎనిమిది వందల తొంభై ఆరు అని ఉంది. ఒప్పందం ప్రకారం ఆ కారు మూడేళ్ళలో నలభై ఐదు వేల కిలోమీటర్లు తిరగవచ్చు. ఆ మూడేళ్ళు ఈ రోజు సాయంత్రం ఐదు గంటలతో సరి. ఈలోపల దాన్ని తీసుకెళ్ళి ఒంగోలులో కంపెనీవాళ్ళ యార్డులో అప్పగించాలి. మిగిలినవి నూట నాలుగు. ఇంటి గేటు నుంచి యార్డు గేటుకు తొంభై ఏడు. ఏడు ఎక్కువే ఉన్నాయి కదా అని తనకు తానే చెప్పుకుని దిగాడు.

మార్కాపురంలో ఆయనది పలకల వ్యాపారం. అందులో ఇరవై ఏళ్ళు సొంతంగా పలక గని లీజు నడిపాడు. మూడేళ్ళ కిందట కొడుకు విఘ్నేష్ హైదరాబాదు నుంచి వచ్చి ఈ కారు సంగతి చెప్పాడు. అరవై లక్షల కరెంటు కారు, అంత పెట్టి కొనేవాళ్ళు లేక కంపెనీ డిస్కౌంటు మీద లీజుకిస్తోంది, మామూలు డీజిలు కారు కంతులతో ఇది వచ్చేస్తుంది. "మూడేళ్ళు వాడుకోని వాళ్ళది వాళ్ళకిచ్చేద్దాం నాయనా. ఆలోపల ధర ఎంత పడిపోయినా ఆ నష్టం వాళ్ళది, మనకు సంబంధం లేదు" అన్నాడు. తండ్రికి కరెంటు కారు గురించి ఏమీ తెలియదు కానీ, లీజు గురించి తనకు తెలిసినంత ఆ జిల్లాలో ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. ముప్పై ఒక్క పేజీల ఒప్పందం రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

అందులో రెండు ముక్కలు ఆయన మనసులో నాటుకున్నాయి. కిలోమీటర్లు ఒక్కటి దాటినా మొదట ఇచ్చిన డిస్కౌంటు మొత్తం వెనక్కి కట్టాలి. కిలోమీటర్లు మిగిలితే మాత్రం తిరిగి ఒక్క రూపాయి కూడా ఇవ్వరు. మొదటిది ఎవరినైనా భయపెడుతుంది. ఈయనను పాడుచేసింది రెండోది.

ఎందుకంటే గని లీజు అలా నడవదు. గడువు తీరేలోపల లోపలున్నదంతా పైకి తీయడమే అక్కడ పని. ఆఖరి రోజు సాయంత్రం గుంతలో పనికొచ్చే పలక ఒక్కటి ఉండిపోయినా, అది వెనక వచ్చేవాడికి ఉత్తపుణ్యానికి ఇచ్చినట్టే. చంద్రశేఖరరావు ఇరవై ఏళ్ళలో ఏనాడూ అలా ఇవ్వలేదు. అలాంటి మనిషి, రెండున్నరేళ్ళు కారుకు దుమ్ము పడుతుందని వ్యాపారం పనికి తప్ప బయటికి తీయక షెడ్డులో దాచి, ఒకరోజు లెక్క చూసుకుంటే ఇంకా పదకొండు వేల కిలోమీటర్లు మిగిలి ఉన్నాయి. పదకొండు వేలు గుంతలో వదిలేసి రావడమా?

ఆ వారం నుంచి కారు ఊరిది అయింది. అడిగినవాళ్ళకు ఇచ్చాడు, అడగనివాళ్ళ ఇంటికి పోయి మరీ ఇచ్చాడు. తర్లుపాడులో రెండు పెళ్ళిళ్ళకు పోయింది. హనుమంతునిపాడులో ఎవరి సీమంతానికో పోయింది. కంటి ఆపరేషన్లకు, పరీక్షలకు, ఒకసారి ఎడ్ల పందేలు చూడటానికి కూడా పోయింది. తిరిగి వచ్చిన ప్రతివాడూ దిగుతూ దిగుతూ ఒకే ప్రశ్న వేసేవాడు. ఇట్ల లీజుకు తీసుకోవడం లాభమేనా అని. మొదట్లో చంద్రశేఖరరావు అరుగు మీద కూర్చోబెట్టి కాగితం, పెన్నూ తీసి వివరించేవాడు. తర్వాత్తర్వాత "లాభమే" అనేవాడు. ఈ మధ్య తల మాత్రం ఊపుతున్నాడు, అది ఎటు ఊపాడో అవతలివాడికి అర్థమయ్యేది కాదు. డ్రైవరు పీర్ సాహెబ్ ఇరవై రెండేళ్ళుగా ఆయన దగ్గర లారీ నడిపిన మనిషి. ఈ ఆరు నెలల్లో అతని నడుము పూర్తిగా పోయింది. అది తిరుగుడు వల్లో, సీటు మరీ మెత్తగా ఉండటం వల్లో తేల్చుకునే ఓపిక కూడా అతనికి మిగల్లేదు.

ఇంత మంది ఎక్కిన కారులో ఎక్కని మనిషి ఒక్కరే ఉన్నారు. చంద్రశేఖరరావు భార్య కన్యకాపరమేశ్వరి. ఆమె అడిగింది ఒక్కటే ప్రయాణం, గిద్దలూరులో ఉన్న అక్క ఇంటికి. కారు వచ్చిన రోజే కొడుకును కూర్చోబెట్టి అక్క ఇంటి అడ్రసు అందులో ఎక్కించుకుంది కూడా. అంతకుముందు అక్క కొత్త ఇంటి గృహప్రవేశానికి బస్సులో పోతే, అక్క చుట్టాలందరి ముందు "బస్సులో వచ్చినావేంది?" అన్నది. ఆ మాట ఈమెకు ముల్లులా దిగింది. ఇకమీదట పోతే కారులోనే పోతానని మనసులో ఒట్టు పెట్టుకుంది. కారు వచ్చింది. మొగుడు వచ్చే వారం అన్నాడు. ఆ వచ్చే వారం మూడేళ్ళు సాగింది. నాలుగు నెలల కిందట అక్కకు మోకాలి ఆపరేషను జరిగినా ఈమె పోలేదు, ఫోను చేసి ఊరుకుంది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు తన మీదే అసహ్యం వేసేది.

ఈ పొద్దున ఇడ్లీ ప్లేటు మొగుడి ముందు పెడుతూ ఆమె కూడా ఒక లెక్క వేసుకుంది. గిద్దలూరు అరవై రెండు, పోనూ రానూ నూట ఇరవై నాలుగు. కారులో ఉన్నవి నూట నాలుగు. అయిపోయింది. ఆమెకు కోపం కూడా రాలేదు, కోపానికి కూడా కాస్త బలం కావాలి. "చట్నీ వేసుకోండి" అని లోపలికి పోయింది.

ఎనిమిదింటికి పీర్ సాహెబ్ కారు కడిగి, తుడిచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చాడు. అత్తరు ఎందుకో చంద్రశేఖరరావు అడగలేదు. వెనక సీట్లో కూర్చుని "పోనీ పీరూ" అన్నాడు. కారు వీధి చివరికి వచ్చేసరికి తోపుడుబండి మాల్యాద్రి ఎదురుగా నిలబడి తుమ్మాడు. అద్దాలు మూసి ఉన్నాయి కాబట్టి తుమ్ము వినపడలేదు, కనపడింది. చంద్రశేఖరరావు కనపడ్డ తుమ్మును కూడా వదిలే రకం కాదు. బండి వెనక్కి తిప్పించి, ఇంట్లో అరుగు మీద కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగాడు. ఒక కిలోమీటరు ఖర్చయింది. మిగిలినవి నూట మూడు.

గ్లాసు కింద పెట్టి చూసేసరికి కారు చుట్టూ నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు. మల్లెపూల దండలు, బంతిపూల దండలు కట్టేస్తున్నారు. వాళ్ళలో పెద్దామె పక్క వీధి దిల్షాద్ బేగం, పీర్ సాహెబ్ చెల్లెలు. కారు తమ వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి పోవడం చూసి, పూలు ఇక్కడే కట్టమన్నారేమో అనుకుని వచ్చేశారట. ఆమె కొడుకు అస్లాం నిఖా ఈ రోజు పదకొండింటికి తర్లుపాడులో.

"మాటంటే మీదేనన్నా. చెప్పినట్టే పొద్దున్నే పంపించినారు" అన్నది దిల్షాద్ బేగం, కళ్ళు తుడుచుకుంటూ.

చంద్రశేఖరరావు పీర్ సాహెబ్ వైపు చూశాడు. పీర్ సాహెబ్ ఆయన వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకరినొకరు అంతసేపు చూసుకోవడం అదే మొదటిసారి.

"నిన్న మీరే గదా శెట్టిగారూ, రేపు ఆఖరి ట్రిప్పు ఉంది, బాగా కడిగిపెట్టు అన్నది? మా పిల్లోడి నిఖాకేమో అనుకున్నా. ఇప్పుడు కూడా ఆడికే పోతన్నామనుకున్నా."

లోపలి నుంచి కన్యకాపరమేశ్వరి వచ్చి మొగుడి చేతిలో ఒక కార్డు పెట్టింది. అస్లాం పెళ్ళిపత్రిక. దాని వెనక, మూడు వారాల కిందట కిలోమీటర్లు పంచిపెట్టే ఊపులో, చంద్రశేఖరరావే తన చేత్తో రాసుకున్న మూడు మాటలు ఉన్నాయి. పెళ్ళికొడుకుకు కారు మనదే.

తర్లుపాడు పోయి రావడమంటే పాతిక కిలోమీటర్లు. పోతే డిస్కౌంటు పోతుంది, పోకపోతే మాట పోతుంది. బజారులో బతికే మనిషికి రెండోదే ఎక్కువ నష్టం. చివరికి పీర్ సాహెబే దారి చెప్పాడు. పిల్లవాడు కారెక్కి మెయిన్ బజారు మీదుగా ఊరి చివరి దాకా వస్తాడు, ఫోటోలు తీస్తారు, అక్కడ దిగి జీపెక్కుతాడు. పోనూ రానూ నాలుగు కిలోమీటర్లు. అస్లాం ఒప్పుకున్నాడు, ఫోటోలు మాత్రం ఎక్కువ కావాలన్నాడు.

ఊరేగింపు గంటన్నర నడిచింది. కారు ముందర బ్యాండు, కారు పక్కన చంద్రశేఖరరావు. ఆయన నిమిషానికోసారి కిటికీలోంచి తల లోపల పెట్టి అంకె చూసుకుంటూ నడిచాడు. చూసినవాళ్ళకు అది వేరేలా కనిపించింది. డ్రైవరు మేనల్లుడి పెళ్ళికి కారిచ్చి, తాను ఎండలో నడుస్తూ, అడుగడుక్కీ పిల్లవాణ్ణి పలకరిస్తున్నాడని బజారంతా చెప్పుకున్నారు. ఒక దుకాణం ముందు ఎవరో ఆయన మెడలో కూడా దండ వేశారు. ఇంకొకాయన చెయ్యి పట్టుకుని ఊపి, అన్నట్టు ఈ లీజు వ్యవహారం లాభమేనా అని అడిగాడు. ఆయన తల ఊపాడు.

కారును ఇంటి ముందుకు తెచ్చేసరికి మిగిలినవి తొంభై తొమ్మిది. పీర్ సాహెబ్ స్టీరింగు దగ్గర కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. మేనల్లుడి నిఖాకు పోకుండా ఒంగోలు ఎలా పోయేదని మనిషి నోరు తెరిచి చెప్పలేకపోతున్నాడు. చంద్రశేఖరరావుకు జాలి వేసింది. "నువ్వు పో పీరూ. జీపు అందుకో. నేను నడుపుకుంటా" అన్నాడు. గేర్లు లేని కారు, నడపడానికేముంది అని ఆయన ధైర్యం.

అప్పుడు గుర్తొచ్చింది రెండో తాళంచెవి. రెండూ అప్పగించాలని పదిహేడో పేజీలో ఉంది. అది తన పలకల ఫ్యాక్టరీ సొరుగులో ఉంది, ఫ్యాక్టరీ ఒంగోలు రోడ్డుకు అవతలి దిక్కున ఉంది. పోయి తెచ్చుకున్నాడు. ఇంకొకటి ఖర్చయింది, మిగిలినవి తొంభై ఎనిమిది. కారులో కూర్చుని కాగితం మీద వేసుకున్నాడు. అక్కడి నుంచి రోడ్డు చుట్టి పోతే యార్డుకు తొంభై ఎనిమిదిన్నర. అర కిలోమీటరు ఎక్కువ. కానీ ఫ్యాక్టరీ వెనక, ఇరవై ఏళ్ళుగా విరిగిన పలకలు పోసిన గుట్టల మధ్య నుంచి ఒక బండ్ల బాట ఉంది. దాని మీదుగా పోతే కిలోమీటరు కలిసొస్తుంది. ఆ బాట తన చేతులతో వేసిందే, ఆ పలక ముక్కలూ తను పోయించినవే. కారును అటు తిప్పాడు.

యాభై గజాలు పోయాక ఎడమ పక్క ముందు చక్రం నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. దిగి చూశాడు. చెయ్యంత పొడవు పలక ముక్క, కత్తిలాంటి అంచు, టైరు పక్కన నిలువునా దిగి ఉంది. ఇంత కాలంలో ఆయన గనిలోంచి తీయించిన వాటిలో అంత మంచి పదును ఉన్న ముక్కను ఎప్పుడూ చూడలేదు. స్టెప్నీ కోసం వెనక డిక్కీ తెరిస్తే అందులో కార్పెట్టు ఉంది. ఆ కార్పెట్టు కింద ఇంకో కార్పెట్టు ఉంది. అరవై లక్షల కారుకు స్టెప్నీ ఇవ్వరన్న సంగతి ముప్పై ఒక్క పేజీల్లో ఎక్కడా లేదు.

కంపెనీ సహాయం నంబరుకు ఫోను చేశాడు. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. లారీ మీద ఎక్కించి తీసుకెళ్ళడం ఉచితమే, కానీ డెబ్బై ఐదు కిలోమీటర్ల లోపల అయితేనే. ఒంగోలు అంతకంటే ఎక్కువ. బండిలో ఇల్లు అని సేవ్ చేసిన అడ్రసు మాత్రం ఆ దూరంలోపలే ఉంది, అక్కడికి చేర్చమంటారా అని అడిగింది. ఇల్లు రెండు కిలోమీటర్లు కూడా లేదు, దానికంత లెక్కలెందుకో అనుకుంటూ ఆయన సరేనన్నాడు. ఆ పూట ఆయనకు అంతకుమించి ఆలోచించే ఓపిక లేదు.

లారీ వచ్చేసరికి రెండయింది. ఈలోపల కన్యకాపరమేశ్వరి అన్నం క్యారేజీ తీసుకుని ఆటోలో వచ్చింది. పలక గుట్ట మీద కూర్చుని, మెడలో వాడిపోయిన దండతో మొగుడు పెరుగన్నం తింటుంటే చూసి ఆమెకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. లారీ డ్రైవరు ఇస్సాకు నెమ్మదైన మనిషి. గొలుసులు బిగించి, కారును పైకి లాగి, ఫోను చూసుకుని, "గిద్దలూరేగా సార్?" అన్నాడు.

"గిద్దలూరేంది? మార్కాపురమే. మా ఇల్లు ఆ కనపడేదే."

"నాకు ఫోన్లో గిద్దలూరని వచ్చినాది. ఇల్లు, గిద్దలూరు. ఫోన్లో ఏడికుంటే ఆడ దించితేనే నాకు ఆర్డరు క్లోజ్ అవుతాది సార్."

చంద్రశేఖరరావు భార్య వైపు తిరిగాడు. ఆమె తలవంచుకుంది. మూడేళ్ళ కిందట కొడుకు ఏ పేరు మీద ఎక్కించాలి అని అడిగితే, అన్నిటికంటే పైన ఉన్నదాంట్లో పెట్టు నాయనా అన్నది ఆమే. అన్నిటికంటే పైన ఇల్లు అని ఉంది. ఆ తర్వాత దాన్ని మార్చడం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆయన ఏదో అనబోయాడు. ఆమె ఆయనను దాటుకుని ఇస్సాకు దగ్గరికి పోయింది.

"పైన పెట్టి తీసుకపోతే మీటరు తిరుగుతుందా నాయనా?"

"చక్రాలు నేలకు తగలవు గదమ్మా, ఎట్ల తిరుగుతాది?"

"అయితే పది నిమిషాలు ఆగు. చీర మార్చుకోనొస్తా."

ముగ్గురూ లారీ క్యాబిన్లో కూర్చున్నారు. తర్లుపాడు దగ్గర రోడ్డు పక్క షామియానాలో ఇస్త్రీ చొక్కా నలిగిపోయిన పీర్ సాహెబ్ బిరియాని వడ్డిస్తూ కనిపించాడు. లారీ మీద దండలతో వెళ్తున్న కారును చూసి గరిటె ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు. అది దాటాక చంద్రశేఖరరావు ధైర్యం చేసి ఒంగోలు యార్డులో ప్రకాశరావు అనే ఆఫీసరుకు ఫోను చేశాడు. జరిగిందంతా చెప్పి, గడువు ఐదు గంటలకే కదా, ఇప్పుడెలా అని అడిగాడు. ప్రకాశరావు తాపీగా చెప్పాడు. కంపెనీ లారీ ఎక్కించుకున్న నిమిషమే బండి అప్పగించినట్టు లెక్క. గిద్దలూరు నుంచి వాళ్ళే తెచ్చుకుంటారు. టైరుకు బీమా ఉంది. మీటరు పరిమితి లోపలే ఉంది కాబట్టి డిస్కౌంటుకూ ఢోకా లేదు.

"మరి ఆ తొంభై ఎనిమిది?" అన్నాడు చంద్రశేఖరరావు.

అవి అంతేనండి, పోయినట్టే, అన్నాడు ప్రకాశరావు. అయినా ఈ బండ్ల ధర మూడేళ్ళలో సగానికి పైగా పడిపోయింది, మీటరు ఎవరు చూస్తున్నారు సార్, ఇంకో మూడేళ్ళకు కావాలంటే ఇంకా తగ్గించి ఇస్తాం, అని కూడా అన్నాడు. చంద్రశేఖరరావు ఫోను పెట్టేశాడు. తొంభై ఎనిమిది కిలోమీటర్లు గుంతలో వదిలేశాడు. జీవితంలో మొదటిసారి.

గిద్దలూరులో అక్క వీధి మలుపు దగ్గర కన్యకాపరమేశ్వరి లారీ ఆపమన్నది. కారులో కూర్చుంటానన్నది. రూల్సు ఒప్పుకోవమ్మా అన్నాడు ఇస్సాకు. ఆమె అతని ముఖం వైపు ఊరికే చూసింది. అతను టైర్లలో గాలి చూసుకునే వంకతో అవతలికి పోయాడు. ఇంటి ముందు లారీ వెనక భాగం నెమ్మదిగా వాలింది. దండలతో, ఒక పక్కకు ఒరిగిన చక్రంతో, వెనక సీట్లో పట్టుచీర కట్టుకున్న ఆడమనిషితో కారు అంగుళం అంగుళం నేలకు దిగింది. వీధంతా బయటికొచ్చింది. ఆమె తలుపు తెరుచుకుని దిగింది.

అక్క చేతికర్రల స్టాండు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కారును చూడనే లేదు.

"కాలు కోసినారని తెలిసి కూడా రాకపోతివే. నేనేం తప్పు చేసినానో అని నాలుగు నెలల నుంచి అనుకుంటన్నా" అన్నది.

"బస్సులో వచ్చినావేంది అంటివి గదక్కా, గృహప్రవేశం నాడు, అందరి ముందర. అందుకే కారులోనే రావాలని..."

"నేనన్నానా?" అక్క నిజంగానే ఆలోచించింది. గుర్తు రాలేదు. "ఆ రోజు వంటోడు రాక నేను ఎవర్నేమంటన్నానో నాకే తెలియదు. ఆ మాట పట్టుకోని ఇన్నాళ్ళు ఆగినావా? ఇప్పుడు మనకు బస్సు ఉచితమే గదే పిచ్చిదానా. నా కాలు బాగుంటే వారానికోసారి నేనే వచ్చేదాన్ని."

అక్కాచెల్లెళ్ళు గుమ్మంలోనే పట్టుకుని ఏడ్చారు. చంద్రశేఖరరావు ఎటు చూడాలో తెలియక కారు వైపు చూశాడు. తెర మీద నలభై నాలుగు వేల తొమ్మిది వందల రెండు అని వెలుగుతోంది. చెయ్యి పెట్టి ఆర్పేశాడు.

సాయంత్రం కాఫీలు, గారెలు అయ్యాక ఇద్దరూ మార్కాపురం బస్సెక్కారు. కండక్టరు కన్యకాపరమేశ్వరి ఆధార్ కార్డు చూసి సున్నా రూపాయల టికెట్టు ఇచ్చాడు, చంద్రశేఖరరావు దగ్గర పూర్తి డబ్బులు తీసుకున్నాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానని అక్కకు ఫోనులో చెప్పి, కంభం రాకముందే మొగుడి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ముందు సీటులోంచి ఊళ్ళో తెలిసినవాడు ఒకడు వెనక్కి తిరిగి, "శెట్టిగారూ, మీకు అనుభవముంది కాబట్టి అడుగుతన్నా, ఆ కారు లీజు లాభమేనంటారా?" అన్నాడు.

చంద్రశేఖరరావు ఈసారి తల ఊపలేదు. భార్య చేతిలో నలిగిన సున్నా టికెట్టు చూపించి, "లాభమంటే అది" అన్నాడు.